కంచె జరిపిన చోట

తెల్లవారక ముందే, రేవులో ఐస్ షెడ్డు వెనక నుంచి మొదలు.
నుదుటిన దీపం. జేబులో ఉప్పద్దిన ఉడికిన బంగాళాదుంపలు నాలుగు.
ఎడమ బొటనవేలి గోరు నల్లబడి పది రోజులైంది,
ఊడాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.
జూన్ ఆఖరుకి వంద కిలోమీటర్లు.
ఇవాళ ముప్పై రెండు.
రేపు ఇవే కాళ్ళతో ఇంకో ఇరవై.

మా వేల్స్ పడమటి అంచున దారికి తిన్నగా పోవడం చేతకాదు.
కొండెక్కిస్తుంది. ఎక్కానని మురిసేలోగా
వాగు దాకా ఈడ్చుకొచ్చి దించుతుంది.
అక్కడో చెక్క వంతెన, మంచుకి తడిసిన గేటు గడియ,
మళ్ళీ ఎక్కు.
మ్యాపులో వెంట్రుకంత గీత
పిక్కల్లో మోకులా పేనుకుంటుంది.

గోర్స్ పొదలు విరగబూశాయి.
జన్మలో చెట్టున చూడని కొబ్బరి వాసన
ముళ్ళ మధ్య నుంచి.
కింద ఎక్కడో కనపడని నీళ్ళలో
ఒక సీల్ దగ్గింది, చుట్ట తాగే ముసలాయనలా.

లైఫ్‌బోటు షెడ్డు తలుపుకి లోపలి వైపు
పడవల రంగుతో రాసిన అంకెలున్నాయి:
ఎలినెడ్. రేవు నుంచి దీపస్తంభం. గంటా యాభై రెండు.
అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
దారి పక్కన నిలబడి ఆమెకి నీళ్ళ గ్లాసు అందించాను,
సగం నా గౌను మీదే ఒలికింది.
ఆరేళ్ళుగా ఆ అంకెల వెంట పడ్డాను.
గంటా యాభై అయిదు దాకా వచ్చాను.
ఆ మూడు నిమిషాలు
పంటి సందున చేప ముల్లు.

పదో కిలోమీటరు దగ్గర ఒళ్ళు బేరానికి దిగింది.
ఆ గేటు దాకా చాలంటుంది,
గేటు వచ్చాక ఆ తెల్ల రాయి దాకా,
రాయి దాటాక అడగడం మానేసి ఊరుకుంది.
ఇవాళ కాళ్ళు మాట వింటున్నాయి.
వాచీ చూశాను. నలభై సెకన్లు ముందున్నాను.

అప్పుడు దారి లేదు.

ఉందనుకున్న చోట ఎర్రమట్టి పచ్చిగాయం,
కింద, అలల్లో, కంచె తీగ ఇంకా రెండు రాటల్ని పట్టుకుని ఊగుతోంది.
ఇవతల, బార్లీ మొలకల్ని తొక్కుకుంటూ
ఇద్వల్ కొత్త రాట పాతుతున్నాడు.
ఒక చేత్తో రాట, ఒక చేత్తో సమ్మెట. కుదరడం లేదు.

పట్టుకున్నాను.
దెబ్బ దెబ్బకీ అరచేతుల్లోంచి మోచేతుల దాకా అదురు.
వాచీ ఆపలేదు.
ఆయనా మాట్లాడలేదు, మూడు రాటలయ్యేదాకా.
తర్వాత చెమట తుడుచుకుని,
"మా నాన్న రెండుసార్లు జరిపాడు, నేను ఇది నాలుగోది" అన్నాడు,
పెళ్ళిళ్ళ లెక్క చెప్పినట్టు.
ఎలినెడ్ పరిగెత్తిన దారెక్కడని అడిగాను.
సమ్మెట ఎత్తి సముద్రం వైపు చూపించాడు.
అక్కడ ఎదురుగాలిలో ఒక నీటికాకి
రెక్కాడించకుండా నిలబడి ఉంది.

నేల విడిచి సాము అంటే
ఎవరినో వెక్కిరించే మాట అనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఆరేళ్ళు నేను తరిమింది
ఆ పక్షి పొట్ట కింది ఖాళీలో పడిన అడుగుల్ని.

పదకొండు నిమిషాలు పోయాయి.
ఒక బంగాళాదుంప ఆయన కుక్కకి.

చుట్టు తిరిగిన కొత్త దారి మెత్తగా ఉంది.
దుక్కి మన్ను బూట్లకి పట్టి ఒక్కో కాలూ రెండేసి కాళ్ళ బరువు.
ఎంత ఎక్కువైందో కొలుద్దామని అడుగులు లెక్కపెట్టాను,
అరవై దాటాక మడమ కలుక్కుమని లెక్క తప్పింది.

సాయంత్రం ఎలినెడ్‌కి ఫోన్ చేశాను.
కొత్త తుంటి ఎముకతో మెట్లు దిగడం నేర్చుకుంటోంది.
అంతా విని కాసేపు ఊరుకుంది.
"బార్లీ ఎంత ఎత్తుంది?" అంది.